తొలి నిప్పు మా వదినది

మా వదిన మొన్న గురువారం పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని, మరి లేవలేదు. తొంభై దాటిన మనిషి. ఎవరి చేతా మంచం మీద నీళ్లు తాగించుకోకుండా వెళ్లిపోయింది గనక నాకు ఏడవడానికి పెద్ద కారణమేమీ మిగల్చలేదు. అయినా ఏడ్చాను. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

ఏడుపు ఆగాక కోపం వచ్చింది. పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్లూ వరండాలో కుర్చీ లాక్కుని ఒకటే మాట. శాంతమూర్తిట. ఎవరేమన్నా మనసులో పెట్టుకునేది కాదుట. అందరినీ క్షమించేసి వెళ్లిపోయిందిట. పోయినవాళ్లు లేచి కాదనరన్న ధైర్యంతో మనుషులు ఎంతటి అబద్ధమైనా ఆడేస్తారు. నేనింకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వదిన ఎవరినీ క్షమించలేదు. ఆవిడకు పగ ఉండేది. దాన్ని పెరట్లో కరివేపాకు మొక్కలా రోజూ ఇన్ని నీళ్లు పోసి, పురుగు పట్టకుండా చూసుకుంటూ పెంచింది. నాకు అక్షరాలు బడిలో వచ్చాయి. కోపాన్ని వృథా చేసుకోకుండా వాడుకోవడం ఆవిడ దగ్గర వచ్చింది. రెండో చదువే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆవిడ మా ఆయనకు అప్ప, అంటే అక్క. ఊహ తెలియకుండా పెళ్లి చేశారు, అత్తారింటి గుమ్మం తొక్కకుండానే పెళ్లికొడుకు పోయి ఆ పెళ్లి ముగిసిపోయింది. ఆమదాలవలసలో మా మావగారికీ ఆయన తమ్ముడికీ కలిపి ధాన్యం వ్యాపారం. స్టేషనుకి దగ్గర్లో పెద్ద పెంకుటిల్లు, వెనకాల గోదాము. తల్లి పోతే మా ఆయన్ని ఎత్తుకుని పెంచింది వదినే. ఆ ఇంట్లో వంటిల్లు ఆవిడది. పెత్తనం మాత్రం మా చినత్తది, అంటే మావగారి తమ్ముడి భార్యది, వదినకి పిన్ని. ఇంట్లో మిగిలిన పెద్ద ముత్తైదువ ఆవిడే మరి. ఆ హోదా పసుపు రాసినంత సులువుగా వచ్చిందేమో, దించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

మట్టిపొయ్యిలు వెయ్యడంలో మా వదిన చెయ్యి గొప్పది. పుట్టమన్నులో ఊకా పేడా కలిపి, కాళ్లతో తొక్కి, మెత్తగా పిసికి, మూడు బుడిపెలు పెట్టి పొయ్యి దించిందంటే చిన్న పుల్లకి కూడా మంట నిలిచేది. మా వీధిలో సగం పొయ్యిలు ఆవిడ వేసినవే. కాని పొయ్యి ఆరి, తొలిసారి నిప్పు వేసి పాలు పొంగించే రోజున ఆవిడ అక్కడ ఉండకూడదు. నేను ఆ ఇంటికి కాపరానికొచ్చిన కొత్తలోనే చూశాను. పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టగానే చినత్త వెనక్కి తిరక్కుండానే అనేది.

"ఒలే, నివ్వు దొడ్లోకి ఎల్లు. మంగళం జరుగుతాది."

వదిన చేతులు కడుక్కుని, దొడ్లో కట్టెల మోపు వెనక్కి వెళ్లి కూర్చునేది. అలాగే మా పెళ్లిలోనూ. తను పెంచిన పిల్లాడు తాళి కడుతుంటే ఆవిడ వెనక పాకలో వందమందికి అప్పడాలు వేయిస్తోంది. నాకు ఆ సంగతి తెలిసి మనసు ఆగక అడిగాను.

"బాధనిపించదా వదినా?"

"బాదేటి? ఏడిస్తే కళ్లు పోతాయి, ఆళ్లకేటి పోతాది? నాను గుర్తెట్టుకుంటన్నాను." పప్పులో రాళ్లేరుతూ అంది. "కోపం వొండుకోవాలే మరదలా. పచ్చిగా తినీకూడదు."

ఆ కోపం ఉడకడానికి పొయ్యి ఒకటి నౌపడ నుంచి రైల్లో వచ్చింది.

అరవైల చివరి సంవత్సరాలు. ఊళ్లో పోలీసు జీపులు తిరుగుతుండేవి, కిరసనాయిలు చుక్కలెక్కన దొరికేది. నౌపడలో ఉప్పు మళ్ల దగ్గర ఎప్పటిదో తెల్లదొరల బంగళా ఉండేది. అందులో సామాను వేలం వేస్తే మా మావగారు వెళ్లి, కుర్చీలూ అద్దాలూ అందరూ పాడుకుపోయాక, మిగిలిపోయిన ఒక ఇనప పొయ్యి పాడుకొచ్చారు. కట్టెల పొయ్యే, కాని పొగ ఇంట్లోకి రాదు, గొట్టంలోంచి బయటికి పోతుంది. పోతుందని వేలం వేసినవాడు చెప్పాడు. పొయ్యి మాత్రం ముక్కలు ముక్కలుగా, బళ్లో ఇనప తుక్కులా దిగింది. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

కమ్మరిని పిలిపించారు. ఆయన రోజంతా కూర్చుని దాన్ని కాళ్లు పైకి వచ్చేలా బిగించి, "ఇది పొయ్యి కాదు బాబూ, రైలింజను ముక్క" అని తేల్చేసి వెళ్లిపోయాడు. మావగారు సిగ్గుపడి దాన్ని గోదాములో గోనెసంచుల కింద పెట్టించారు. చినత్త నెల్లాళ్లు నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీసేది. వదిన గోదాములోకి వెళ్లేది. నన్నూ రమ్మంది.

"ముందర ఎముకలన్నీ పరిసి సూడాల" అంది. కమ్మరి బిగించిందంతా విప్పేసి, ముగ్గుపిండితో నేల మీద పొయ్యి ఆకారం గీసింది. ఏ ముక్క ఎక్కడ పడుతుందో ఆ గీతల మీద పెట్టి చూసేది, తీసేది, ఇంకోటి పెట్టేది. చింతపండూ బూడిదా పెట్టి కొబ్బరి పీచుతో తుప్పు తోమేది. బిగుసుకుపోయిన మరలకి ఆముదం చుక్కలు వేసి మర్నాటిదాకా వదిలేసేది. తుప్పు వదిలాక పక్క పలకల మీద పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఒకటి ఎడమకి గుర్తు, ఇంకోటి కుడికి గుర్తు అని నేను చదివి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయింది.

"దొరలకి కుడీ ఎడమా తెలీదేటి, రాసుకున్నారు?"

ఒక రోజు మావగారు చెప్పుల చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ పొయ్యి, కింద బూడిద పడే సొరుగు, మధ్యలో కడ్డీల జల్లెడ, ముందు తలుపు, పైన మూడు గుండ్రటి మూతలు. ఆయన ముందు తలుపు ఒకసారి తీసి, వేసి చూసి వెళ్లారు. మర్నాడు తాపీవాణ్ణి పిలిపించి వంటింటి గోడకి గొట్టం పట్టేంత కన్నం పెట్టించారు. పొయ్యిని మళ్లీ విడదీసి వంటింట్లో బిగించే పనీ వదినకే అప్పజెప్పారు.

అతుకుల్లోంచి పొగ కారకుండా ఉండాలి కదా. జల్లించిన బూడిద, పుట్టమన్ను, నౌపడ ఉప్పు సమంగా కలిపి ముద్ద చేసి, ప్రతి అతుకులోనూ వేలితో కూరింది. "ఉప్పెందుకు వదినా" అంటే, "ఉప్పు కాల్తే రాయైపోతాది. మా పిన్నికి నోట్లో పోసినా బాగుణ్ను" అంది.

గొట్టం మెడలో ఒక గుండ్రటి రేకు ఉంది. దాని ఇరుసు కొస గొట్టంలోంచి కాస్త బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొసకి ఒక చిన్న ఇనప పిడి తగిలించి తిప్పితే రేకు తిరుగుతుంది. నిలువుగా తిప్పితే దారి తెరుచుకుని పొగ పైకి పోతుంది. అడ్డంగా తిప్పితే దారి మూసుకుపోతుంది. మంట మరీ జోరెక్కితే తగ్గించడానికన్నమాట. ఆ రేకు సంగతి ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

అతుకులు సన్న సెగ మీద ఆరాలి. ఒక్కసారి పెద్ద మంట పెడితే పగిలిపోతాయి. అందుకని ఒక మధ్యాహ్నం ఇల్లు పడుకున్నాక వదిన గుప్పెడు కొబ్బరి పీచు లోపల పెట్టి అగ్గిపుల్ల గీసింది. పొగ సరసరా పైకి పోయింది. మేము బయటికెళ్లి చూస్తే గోడ బయట గొట్టం మూతిలోంచి నీలంగా సన్నటి తీగ లేస్తోంది. వదిన మొహం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"తొలి నిప్పు నాను ఏసేసినాను. రేపు మా పిన్ని ఏసేది ఎంగిలి నిప్పు."

"మరింకేం? నీ కసి తీరిపోయినట్టేగా?"

"నాకు తెలిస్తే సాలదే. ఆళ్లకి తెలియాల. అందర్లోనా, పట్టపగలు, నాను ఆ పొయ్యి కాడ నిలబడి ముట్టించాల. మా పిన్ని పిలవాల."

నిప్పు ఆరాక రేకు అడ్డంగా తిప్పి, పిడి ఊడదీసి, రొంటిన దోపుకుంది. నేను చూశాను. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ గర్వంగానే ఉంది.

మావగారు పంచాంగం చూపించి మంచిరోజు పెట్టారు. ఊళ్లో వ్యాపారస్తులు, చుట్టాలు, వియ్యాలవారు, అందరూ వచ్చారు. పొగ రాని పొయ్యి చూడాలి కదా. చినత్త పట్టుచీర కట్టుకుని పేడ తట్టతో దిగింది. మట్టిపొయ్యిని అలికినట్టే ఇనప పొయ్యినీ పేడతో అలకడం మొదలెట్టింది. నాకు నోరాగలేదు.

"ఇనపది కదండీ అత్తయ్యా, అలకడం ఎందుకు?"

"ఇనపదైతే ఏటి? పొయ్యి పొయ్యే. అలక్కుండా నిప్పేస్తారేటే? సదువుకున్న కోడల్ని తెచ్చుకుంటే ఇలాగే ఉంటాది." పొయ్యంతా అలికి, గొట్టం మెడ దాకా అలికింది. రేకు కొస బయటికి పొడుచుకొచ్చిన చోట మరో ముద్ద దట్టంగా మెత్తింది, అదేదో అసహ్యంగా ఉందని. మీద ముగ్గు పెట్టింది. గొట్టానికి మామిడాకులు కట్టింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "ఒలే, నివ్వు దొడ్లోకి ఎల్లు" అంది.

"ఎల్తన్నాను పిన్నీ. ఏటైనా కావాలంటే పిలువు."

"నీతో ఏటి పని?"

వదిన చేటలో బియ్యం పోసుకుని దొడ్లోకి వెళ్లిపోయింది. పొమ్మన్నారు, వెళ్లింది. ఆవిడ పగంతా అదే. చెప్పిన మాట వినడం.

చినత్త సరుగుడు పేళ్లు పేర్చి కర్పూరం వెలిగించింది. పొగ పైకి వెళ్లి, రేకుకి తగిలి, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. తలుపులోంచి, మూతల సందుల్లోంచి వచ్చింది. పేడ కాలిన కంపు దాని వెంట వచ్చింది. కట్టెలు పచ్చివన్నారు. ఇంకా నెయ్యి పోశారు. ఇంకా పొగ. వచ్చినవాళ్లు కళ్లు నలుపుకుంటూ, మర్యాదకి "బాగుందండీ, బాగుంది" అంటున్నారు. గిన్నెలో పాలు చల్లగా, కదలకుండా ఉన్నాయి.

అప్పుడు చినత్తకి తట్టింది, దిష్టి తగిలిందని. ఇంతమంది కళ్లు పడ్డాయి మరి. గుప్పెడు ఎండుమిరపకాయలూ రాళ్లుప్పూ తీసుకుని పొయ్యి చుట్టూ తిప్పి, "ఊరి కళ్లు, ఇంటి కళ్లు, పాడు కళ్లు" అంటూ తలుపు తెరిచి నిప్పులో పడేసింది.

దారి మూసుకున్న పొయ్యిలో గుప్పెడు మిరపకాయలు. నేను ముందే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, చదువుకున్నదాన్ని గదా. మిగతావాళ్లకి ఆ అవకాశం లేకపోయింది. దగ్గులు, తుమ్ములు, ఏడుపులు. వీధిగుమ్మం దూరం, దొడ్డిగుమ్మం దగ్గర. మంగళానికి వచ్చిన ముత్తైదువలు, వియ్యాలవారు, వ్యాపారస్తులు, మావగారు, చినత్త, అందరూ ఒకరినొకరు తోసుకుంటూ దొడ్లో పడ్డారు. కట్టెల మోపు పక్కన పీట మీద కూర్చుని వదిన బియ్యం చెరుగుతోంది. తల ఎత్తి చూసింది.

"ఏటయినాది? మంగళం అయిపోయినాదా?"

నాకు వచ్చిన నవ్వుని దగ్గులో కలిపేశాను. మావగారు కళ్లు తుడుచుకుంటూ అన్నారు. "అమ్మాయీ, ఏటో ఆగిపోయినాది. నివ్వొచ్చి సూడు."

"నాను రాకూడదు కద నాన్నా. మంచిపని." చెరగడం ఆపలేదు. "పిన్ని పిలిస్తే వొస్తాను."

దొడ్లో అందరి కళ్లూ చినత్త మీద పడ్డాయి. పట్టుచీర మీద పేడ చేతులు, మొహమంతా మసి, ముక్కు కారుతోంది. పంచాంగంలో మంచి గడియ దాటిపోతోంది, వియ్యపురాలు చూస్తోంది.

"రాయే" అంది నేలకేసి చూస్తూ.

"ఎక్కడికి పిన్నీ?"

"వొంటింట్లోకి."

"వొచ్చి?"

"ఏటి సేస్తావో సెయ్యి. నివ్వే ముట్టించు."

వదిన చేట పక్కన పెట్టి, ఒడిలో ఊక దులుపుకుంది. "అందరూ ఇన్నారా?"

"ఇన్నాం తల్లీ, లెగు, బేగి లెగు" అన్నారు మావగారు.

ఆవిడ బేగి లేవలేదు. తీరిగ్గా లేచింది. లోపలికెళ్లి తలుపులు తెరిచి పొగ పోనిచ్చింది. సగం కాలిన పేళ్లూ మిరపకాయలూ లాగి బయట పారేసింది. గొట్టం మెడ మీద చినత్త మెత్తిన ముద్దని గోటితో గీకి, రొంటిలోంచి పిడి తీసి తగిలించి, ఒక్క తిప్పు తిప్పింది. కొత్త పీచు పెట్టి, అందరూ గుమ్మంలో నిలబడ్డాక అగ్గిపుల్ల గీసింది. పొగ ఒక్క గుక్కలో లోపలికి పోయింది. కాసేపటికి పాలు పొంగి నల్లటి ఇనుము మీద చుయ్యిమని జారాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టినా ఆవిడ వినేది కాదు. చినత్త చేతిలోంచి పసుపు గిన్నె తీసుకుని, పక్కన పెట్టి, "వొంటకి ఏల అవుతాది, ఎల్లండి" అంది.

ఆ పిడి మళ్లీ రొంటిలోకి వెళ్లింది. ఆ తర్వాత ఆ ఇంట్లో వదిన లెగిస్తేనే పొయ్యి లెగిసేది. నాకు బళ్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటికోడలు బడికెళ్లడమేమిటని చినత్త గోల పెట్టింది. వదిన మాట తూలలేదు. పొద్దున్నే పొయ్యి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. "మరదలు బడికెల్తాది. ఎల్లదంటే సెప్పండి, ఈయాలకి అటుకులు నానబెడతాను." మధ్యాహ్నానికి నేను బళ్లో ఉన్నాను. ఇన్నేళ్లుగా నా చేతికి వస్తున్న పింఛను మీద నేను పెట్టే ప్రతి సంతకం కిందా ఆ చేతులు కట్టుకున్న మనిషి ఉంటుంది. వందనం చెయ్యబోతే కసిరేది. "నీ కోసరం కాదే. ఆవిడ మొకం సూద్దారని." నాకైతే రెండూ ఒకటే.

తర్వాత చినమావగారు పోయారు. అన్నదమ్ముల వ్యాపారం విడిపోయింది. ఇనప పొయ్యి మా వాటాకి వచ్చింది, వదినతో కలిపి. చినత్త, పొయ్యి లేకపోయినా ఫరవాలేదు, ఆ మనిషి మాత్రం వద్దంది. అదొక్కటే ఆవిడ మాకు చేసిన మేలు. సంవత్సరీకం జరిగి ఏడూడి మైల తీరాక మేం వేరే ఇల్లు కట్టుకున్నాం. వదినా నేనూ పొయ్యిని విప్పి, కొత్త వంటింట్లో మళ్లీ ముగ్గుపిండితో గీసి, మళ్లీ ఉప్పూ బూడిదా మన్నూ కలిపి అతికాం. ఈసారి పీచుతో సన్న సెగ పెట్టేటప్పుడు దాక్కోవలసిన పని లేకపోయింది. తలుపులు బార్లా తెరిచి పెట్టాం.

పాలు పొంగించే రోజున చినత్త వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజులు లేవు. ఇంట్లో అడుగు పెట్టింది, పొయ్యి చూసింది. ఎవరూ ఏమీ అనకుండానే, తలవంచుకుని, మా దొడ్డిగుమ్మం ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచింది. ఆచారం ఆవిడకి మా కన్నా బాగా తెలుసు, పెట్టింది ఆవిడేగా.

"ఎక్కడికి పిన్నీ?" వదిన అడ్డం వచ్చింది.

"దొడ్లోకి."

వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. తీసుకొచ్చి పొయ్యికి ఎదురుగా, అందరికన్నా ముందు వరసలో, పీట వేసి కూర్చోబెట్టింది. వచ్చినవాళ్లు ఒక్కసారి నిట్టూర్చారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఎంత పెద్ద మనసు అని ఎవరో అన్నారు. ఊళ్లో ఆ కథ అలాగే తిరిగింది, ఇన్నేళ్లూ అలాగే తిరిగింది, మొన్న నా వరండాలోకి కూడా అలాగే వచ్చింది.

నేను వాళ్లిద్దరి పక్కనే పీచు పట్టుకుని నిలబడి ఉన్నాను. వదిన వంగి చినత్త చెవిలో చెప్పిన మాట నేను విన్నాను.

"కూకో పిన్నీ. ఇన్నేళ్లూ దొడ్లో ఉండి నానేటీ సూడనేదు. నివ్వు దగ్గిరుండి సూడు, నాను ముట్టించడం."

అగ్గిపుల్ల గీసింది. గొట్టం మంటని లాగేసుకుంది. గదిలో చిటికెడు పొగ లేదు. అయినా చినత్త కళ్లలో నీళ్లు నిండి, బుగ్గల మీదికి జారి, ఒడిలో పడ్డాయి. చేతులు ఒడిలోనే ఉన్నాయి, తుడుచుకోలేదు. పాలు అంచుదాకా వచ్చాయి, ఉబ్బాయి, పొర్లి ఇనుము మీద పడ్డాయి. అందరూ పాల వైపు చూస్తున్నారు. మా వదిన మాత్రం పొయ్యికి వీపు పెట్టి, పిడి మీద చెయ్యి వేసి, రెప్ప వెయ్యకుండా చినత్త మొహంలోకే చూస్తూ నిలబడింది.